అమ్మ ఇంట్లో కరెంటు లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోను చేసి, "నువ్వు కరెంటు ఇంజనీరువి కదా, ఇంట్లో బిల్లు తగ్గించుకోవడం ఎలాగో ఓ ఇరవై నిమిషాలు చెప్పు, అందరికీ పనికొస్తుంది" అన్నారు. సరేనన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే నాకే సిగ్గేసింది. ముప్పయ్యేళ్లు సబ్‌స్టేషన్లలో, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య పనిచేసిన నేను మా అమ్మ ఇంట్లో మీటరు వైపు రెండేళ్ల కిందటి దాకా ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకు చూడాల్సి వచ్చిందో ముందు చెబుతాను.

మే నెల. మధ్యాహ్నం మూడింటికి పక్కింటి పిన్నిగారి ఫోను. "మీ అమ్మ వసారాలో కళ్లు తిరిగి పడిపోయింది. కంగారు పడకు, డాక్టరుగారు వచ్చి చూశారు" అన్నారు. హైదరాబాదు నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చాను. వడదెబ్బ. సెలైను ఎక్కించాక తేరుకుంది. ఇంట్లో ఫ్యాను ఉంది, కరెంటు ఉంది. "మరి ఎందుకు వేసుకోలేదమ్మా" అంటే చాలాసేపు మాట దాటేసింది. చివరికి చెప్పింది. "పోయిన నెల బిల్లు పదమూడొందలు దాటిందిరా. ఒక్క ప్రాణానికి పదమూడొందలేమిటి? పగటిపూట ఫ్యాను కట్టేస్తే కాస్త తగ్గుతుందేమోనని కట్టేస్తున్నాను."

నేను నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నాను. కానీ ఆ తరం వాళ్లకి అది లెక్క కాదు. ఎవరి డబ్బయినా వృథా కాకూడదు, అంతే. ఈ సభలో కూర్చున్న చాలామంది ఇళ్లలో ఇలాంటి అమ్మానాన్నలే ఉంటారు. అందుకే ఇవాళ పెద్ద పెద్ద సిద్ధాంతాలు కాకుండా, ఆ వారం రోజుల్లో మా అమ్మ ఇంట్లో నేను వేసిన లెక్క మీ ముందు పెడతాను.

బడిలో నేర్చిన సూత్రమే

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు బోర్డు మీద రాయించిన సూత్రం ఒక్కటే కావాలి. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. అప్పట్లో ఇంటింటా అల్యూమినియం చక్రం తిరిగే మీటర్లు ఉండేవి. "చక్రం మీద ఎర్ర గీత నిమిషానికి ఎన్నిసార్లు కనిపిస్తోందో లెక్కబెట్టుకు రండిరా" అని హోంవర్కు ఇచ్చేవారు. అప్పుడు దొంగ లెక్క రాసుకొచ్చాను. యాభై దాటాక నిజం లెక్క వేశాను.

ఇప్పటి మీటర్లలో చక్రం లేదు, చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. అమ్మ ఇంటి మీటరుకు 3,200. అంటే నిమిషానికి ఒక మిణుకు అంటే దాదాపు 19 వాట్లు. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది కాబట్టి నిమిషానికి నాలుగు మిణుకులు. ఇందుకు పరికరాలేమీ అక్కర్లేదు. చేతికి గడియారం, పక్కన స్విచ్చులు వేసి తీసేందుకు ఒక మనిషి ఉంటే చాలు.

ముందు ఇంట్లో అన్నీ కట్టేశాం, ఫ్రిజ్‌తో సహా. దీపం ఆరిపోవాలి కదా? ఆరలేదు. మూడు నిమిషాలకు రెండుసార్లు మిణుకుమంటోంది. వెతికితే టీవీ కింద సెట్‌టాప్ బాక్సు. టీవీని రిమోటుతో ఆపుతున్నారు, గోడ స్విచ్చి ఎవరూ ముట్టుకోవడం లేదు. ఆ చిన్న పెట్టె 12 వాట్ల చొప్పున రాత్రింబవళ్లు తింటే నెలకు 9 యూనిట్లు.

తర్వాత ఫ్రిజ్ వేశాం. నిమిషానికి ఎనిమిది మిణుకులు, అంటే 150 వాట్లు. అదేమంత ఎక్కువ కాదు. కానీ మంచి ఫ్రిజ్ కాసేపు నడిచి, కాసేపు ఆగాలి. ఇది గంటలో నలభై నిమిషాలకు పైగా నడుస్తూనే ఉంది. తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగితే జారి వచ్చేసింది. రబ్బరు పోయిందన్నమాట. రోజుకు రెండున్నర యూనిట్లు.

తర్వాత పెరట్లో బావి మోటారు. నిమిషానికి అరవైకి కాస్త తక్కువ, అంటే 1,100 వాట్లు. ఒక హార్స్‌పవరు మోటారుకు అది సహజమే. కానీ ఎంతసేపు? పొద్దున, సాయంత్రం కలిపి దాదాపు గంటా యాభై నిమిషాలు. బావిలో ఫుట్ వాల్వు జల్లెడకు నాచు పట్టి నీళ్లు సన్నగా ఎక్కుతున్నాయి. ట్యాంకు నిండాక పొంగి పెరటి కాలువలోకి పోతున్నాయి. పెరటి వైపు చప్పుడు అమ్మకు సరిగా వినిపించదు.

ఏప్రిల్ నెల పద్దు

ఇంటి ఖర్చు పద్దు రాసినట్టే నోటుబుక్కులో రాశాను. ఫ్రిజ్ 75 యూనిట్లు. మోటారు 60. రెండు ఫ్యాన్లు రోజుకు మొత్తం ఇరవై గంటల చొప్పున 45. పాత చోకు పట్టీల ట్యూబులైట్లు నాలుగు, చోకుతో కలిపి ఒక్కోటి 55 వాట్లు, మొత్తం 26. వీధి గుమ్మం దగ్గర రాత్రంతా వెలిగే 60 వాట్ల పాత బల్బు 20. టీవీ 12, సెట్‌టాప్ బాక్సు 9, మిక్సీ, ఇస్త్రీపెట్టె వగైరా 5. మొత్తం 252. బిల్లులో ఉన్నదీ దాదాపు అంతే.

ఇప్పుడు అమ్మ చేస్తున్న పొదుపు చూడండి. మధ్యాహ్నం ఆరు గంటలు ఫ్యాను కట్టేస్తే రోజుకు 0.45 యూనిట్. ఆవిడ బిల్లులో అన్నిటికంటే ఖరీదైన రేటు యూనిట్‌కు రూ.8.75. ఆ రేటున వేసుకున్నా రోజుకు నాలుగు రూపాయలు. నాలుగు రూపాయల కోసం మే నెల ఎండలో ఉడికిపోయి కిందపడింది. అదే సమయంలో పెరట్లో నీళ్లు పొంగుతున్నాయి, వంటింట్లో ఫ్రిజ్ ఆగకుండా నడుస్తోంది.

ఆ ఫ్రిజ్ గురించి ఒక మాట చెప్పకపోతే నా లెక్క తప్పవుతుంది. అది మా హైదరాబాదు ఇంట్లోది. మేం కొత్తది కొనుక్కున్నప్పుడు, "బాగానే పనిచేస్తోంది, పారేయడమెందుకు, అమ్మకు పంపుదాం" అని లారీలో వేసి పంపాం. పంపినప్పుడు ఎంతో గొప్ప పని చేశాననుకున్నాను. నిజానికి నా పాత సామానుతోపాటు దాని కరెంటు బిల్లునీ నెలనెలా అమ్మ నెత్తిన పెట్టాను. మనలో చాలామంది ఇదే చేస్తాం. పాత ఫ్రిజ్, పాత ఏసీ, పాత గీజరు ఊరికి పంపుతాం. వస్తువు ధర ఒక్కసారి చెల్లిస్తాం, అది తినే కరెంటుకు మాత్రం అది ఉన్నన్నాళ్లూ చెల్లించాలి. కొన్నది మనం, చెల్లించేది వాళ్లు.

చివరి యూనిట్లే ఖరీదు

బిల్లులో అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసి నిట్టూరిస్తే లాభం లేదు. శ్లాబులు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఇళ్ల రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుంచి 75 దాకా రూ.3, 76 నుంచి 125 దాకా రూ.4.50, 126 నుంచి 225 దాకా రూ.6, 226 నుంచి 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాట్లు దీనికి అదనం. అవి పక్కన పెడితే 252 యూనిట్లకు రూ.1,253. మనం పొదుపు చేసే యూనిట్ ఎప్పుడూ పైనుంచే, అంటే ఖరీదైన చోటి నుంచే తగ్గుతుంది. అందుకే యూనిట్లు సగానికి తగ్గితే డబ్బు సగం కంటే ఎక్కువే తగ్గుతుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ 2022 నాటి రేట్లలో నెలకు 200 యూనిట్లు వాడితే కరెంటు ఛార్జీ రూ.820. 201 వాడితే శ్లాబు వర్గమే మారిపోయి రూ.1,027 దాటుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైమాటే. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందుతున్న ఇళ్లకైతే ఆ గీత దాటితే మొత్తం బిల్లు పడుతుంది. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకుంటే ఈ దెబ్బ తప్పుతుంది.

ఏం మార్చాం

ముందు ఖర్చు లేనివి చేశాం. సెట్‌టాప్ బాక్సును గోడ స్విచ్చి దగ్గరే కట్టేయడం అలవాటు చేశాం. తర్వాత తక్కువ ఖర్చువి. ఫుట్ వాల్వు మార్పించి, ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేలా ఫ్లోటు స్విచ్చి పెట్టించాం. మోటారు నడిచేది రోజుకు ముప్పావుగంటకు దిగింది. ట్యూబులు తీసేసి 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీలు, గుమ్మం దగ్గర 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేశాం. శ్లాబు మీద తెల్ల సున్నం కొట్టించాం. మన పెద్దవాళ్లు ఏటా వేసవికి ముందు చేసిన పనే అది. మధ్యలో మనం మరిచిపోయాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం అని ప్రకటించిందీ ఈ సూత్రం మీదే. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, శ్లాబు వేడెక్కదు, రాత్రి గదిలోకి సెగ దిగదు.

చివరికి ఎక్కువ ఖర్చువి. రెండు గదుల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు. ఇవి పూర్తి వేగంలో కూడా 30 వాట్ల దగ్గరే ఉంటాయి. వాటితోపాటు స్టార్ గుర్తున్న చిన్న కొత్త ఫ్రిజ్. పాతదాన్ని తుక్కు కింద అమ్మేశాం, ఇంకెవరికీ పంపలేదు.

మరుసటి ఏప్రిల్ పద్దు ఇది. ఫ్రిజ్ 24, మోటారు 25, ఫ్యాన్లు 27, ట్యూబులు 10, గుమ్మం బల్బు 3, టీవీ 12, సెట్‌టాప్ బాక్సు 2, మిగతావి 5. మొత్తం 108 యూనిట్లు. అవే రేట్లలో రూ.340. తొమ్మిది వందలు తగ్గింది. ఇందులో నేను గర్వపడేది తొమ్మిది వందల గురించి కాదు. పాత పద్దులో ఫ్యాన్లు రోజుకు ఇరవై గంటలు తిరిగేవి, కొత్త పద్దులో ముప్పై గంటలు తిరుగుతున్నాయి. బిల్లు తగ్గింది, గాలి పెరిగింది.

మొత్తం ఖర్చు పాతిక వేలకు అటూఇటూ అయింది. అన్ని నెలలూ ఏప్రిల్‌లా ఉండవు కాబట్టి తిరిగి రావడానికి మూడేళ్లు పడుతుందనుకోండి. ఒక్కసారి అంత పెట్టలేనివాళ్లు నేను చెప్పిన వరసలోనే వెళ్లండి. మొదటి ఏడాది స్విచ్చులు, ఫుట్ వాల్వు, బల్బులు. రెండో ఏడాది ఫ్యాన్లు. ఫ్రిజ్ చెడిపోయినప్పుడు రబ్బరు ఒక్కటి మారిస్తే సరిపోతుందేమో ముందు చూడండి.

మీ ఇళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు

మొదటిది. కరెంటును ఎక్కువ మింగేవి వెలుగునిచ్చేవి కావు, వేడిచేసేవి, చల్లబరిచేవి, నీళ్లెత్తేవి. ఒక బకెట్టు స్నానం నీళ్లు, అంటే 20 లీటర్లు, 25 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు కాగడానికి 0.4 యూనిట్ కావాలి. ఆ కరెంటుతో మామూలు ఫ్యాను ఐదు గంటలు తిరుగుతుంది. గీజరు వేసి మరిచిపోయి పేపరు చదువుకుంటూ, పిల్లవాడు గదిలో లైటు ఆపలేదని కోప్పడడం ఎంత న్యాయమో మీరే ఆలోచించండి. లైటు ఆపించండి, కానీ ముందు గీజరు కట్టేయండి. మేడ మీద చోటుంటే సోలారు వాటరు హీటరు ఇంకా మేలు.

రెండోది ఏసీ. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం ఉంది. మనం వెంటనే 18కి దించుతాం. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం పొరపాటు. మామూలు ఏసీ ఏ డిగ్రీ పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 18 పెడితే ఆగకుండా నడుస్తుంది, అంతే. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి మాట. 26 పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పి చూడండి. రెండు వారాలకోసారి ఫిల్టరు కడగండి.

మూడోది. సాకెట్టులో పెడితే బిల్లు సగమవుతుందని చెప్పి అమ్మే చిన్న పెట్టెలు కొనకండి. వాటిలో ఉండేది మహా అయితే ఒక కెపాసిటరు. ఇళ్ల బిల్లు మనం నిజంగా వాడిన యూనిట్లకు వేస్తారు, దాన్ని ఆ పెట్టె తగ్గించలేదు. మా బంధువుల్లోనే ఒక డిగ్రీ లెక్చరరు రెండు కొన్నాడు. అందులో వెలిగే పచ్చదీపం ఖర్చు అదనం.

నాలుగోది సోలారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు, ఆపైన రూ.78,000 కేంద్ర రాయితీ ఉంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. అమ్మ ఇంటి పాత వాడకానికి రెండు కిలోవాట్లు పైనే కావాలి. ఇప్పటి వాడకానికి ఒక్కటి చాలు. కాబట్టి ముందు కారుతున్న చిల్లు మూయండి, తర్వాత ట్యాంకు సైజు ఎంచుకోండి.

మన బడికి ఒక మనవి

ఈ పొద్దున తరగతి గదులన్నీ తిరిగి చూశాను. మనం కూర్చున్న బల్లలు మారాయి, ఫ్యాన్లు మాత్రం పాతవే. నలభై పాత ఫ్యాన్ల స్థానంలో బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 220 పనిదినాల లెక్కన దాదాపు 2,400 యూనిట్లు మిగులుతాయి. స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చీ కట్టాలా, ఇంకేమైనా చేయాలా అని సంఘంలో చర్చ జరుగుతోందట. ఆర్చీ వద్దనను. కానీ ముందు ఫ్యాన్లు వేయిస్తే బాగుంటుందని నా మనవి. మొదటి పది ఫ్యాన్లు మా 1985 బ్యాచివి.

రెండో మనవి గురువులకు. డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం. ఆ వారంలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మా మాస్టారి హోంవర్కు మళ్లీ ఇవ్వండి. వారం రోజులు పొద్దునా సాయంత్రం మీటరు రీడింగు రాసుకురావాలి. తమ ఇంట్లోదే కాదు, పక్కనే ఒంటరిగా ఉండే తాతగారిదో మామ్మగారిదో కూడా. నాలా దొంగ లెక్క రాసుకొచ్చేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఫరవాలేదు, ఎప్పుడో ఒకప్పుడు నిజం లెక్క వేస్తారు.

మూడోది మీ అందరికీ. ఈ పండక్కి ఊరొచ్చినప్పుడు మీ అమ్మానాన్నల ఇంటి మీటరు ముందు ఓ పావుగంట నిలబడండి. పొదుపు చేయమని వాళ్లకు మనం చెప్పక్కర్లేదు, అది మనకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో లెక్క వేసి చూపించడం చదువుకున్న మన పని. మా అమ్మకు కూడా ఫ్యాను వేసుకోమని పదేళ్లు చెప్పాను, వినలేదు. "మధ్యాహ్నం ఆరు గంటలు ఈ కొత్త ఫ్యాను తిరిగితే ఎనభై పైసలమ్మా" అని నోటుబుక్కులో రాసి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఎనభై పైసలేనా?" అంది. ఆ తర్వాత నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. పైగా వీధిలో నలుగురికి ఆవిడే చెబుతోంది.

ఆ సూత్రం నాకు నేర్పింది ఈ బడి. దాన్ని ఇంటికి పట్టుకెళ్లడానికి నాకు నలభయ్యేళ్లు పట్టింది. మీరు అంత ఆలస్యం చేయకండి.